దండోరా అడిగిన అవ్వ

పోయిన వారం కృష్ణగిరి పాతపేటలోని మా ఇనుప సామాన్ల అంగడికి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో వెడల్పాటి ఫోను. మేకులకో తాళానికో వచ్చిందనుకుని, వ్యాపారపు నవ్వు ముఖానికి తగిలించుకుని లేచాను. ఆమెకు కావాల్సింది నా అభిప్రాయమట. కుందారపల్లి దాటి లోపలికి పోతే కొండల వెనుక సైన్యం వారి బీడు ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాడు సిపాయిలకు తుపాకులు పేల్చడం నేర్పడానికి అక్కడి పల్లెల నుంచి తీసుకున్న నేల అది. ఇప్పుడు సైన్యానికి అక్కర తీరిపోయింది. దాన్ని ఏం చేస్తే బాగుంటుందని చుట్టుపక్కల జనాన్ని అడిగి తెలుసుకుంటున్నారట. ఫ్యాక్టరీలా, సోలార్ పలకలా, అడవా, చూడవచ్చే వాళ్ళకు పార్కా? ఒకదాని మీద వేలు పెట్టి నొక్కితే చాలు.

"ఆ పల్లెవాళ్ళ నేల వాళ్ళకు తిరిగి ఇవ్వడం అన్నది ఇందులో లేదే అమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి తెరను కిందికీ పైకీ తోసి చూసింది. "ఇతరములు అని ఉంది సార్," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద కాదు, పాపం ఎండలో తిరుగుతోంది. ప్రభుత్వం మీదా కాదు, దాని మీద కోపం తెచ్చుకునే వయసు నాకు దాటిపోయింది. కోపమంతా పోయిన ఏడాది చచ్చిపోయిన ఒక ముసలామె మీద. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి ఆమె. ఈ అమ్మాయిని మేకుల బస్తా మీద కూర్చోబెట్టి, ఆ ఫోను లాక్కుని, ఇతరములంటే ఎవరో అడిగి ఉండేది. అడగాల్సిన సమయానికి లేదు. నాకు అనుకూలమైన సమయంలో ఆమె ఒక్క పనీ చేయలేదు, చావుతో సహా.

ఆమె పేరు రాయను. ఊరంతా అవ్వ అనేది, నేనూ అవ్వా అనేవాణ్ణి. పేరు రాస్తానంటే బతికుంటే దానికీ బేరం పెట్టేది.

మా నాన్న గల్లా దగ్గర కూర్చునే రోజుల నుంచి ఆమె మా వాడుక మనిషి. సంత రోజున వచ్చేది. స్టూలు వేస్తే "కూర్చోనప్పా, పోవల్ల" అంటూనే మేకుల బస్తా మీద కూర్చునేది. కూర్చుంటే మధ్యాహ్నం బస్సు దాకా లేచేది కాదు. తాళం కొనాలంటే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, తాళంచెవి తిప్పి, లోపల ఏదో మాట్లాడుతున్నట్టు వినేది. నేను ధర చెబితే పైట చెంగుతో ఈగను తోలినట్టు తోలేది. ఎక్కువన్న మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. తగ్గించమనీ అడగలేదు. ఊరికే తోలేది. ఆ ఈగ నా లాభమని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. బేరంలో నన్ను మించినవాడు లేడని మా వీధి మొత్తం ఒప్పుకుంటుంది, మా ఆవిడ ఒక్కతే ఒప్పుకోదు. అలాంటివాణ్ణి, ఆ చెంగు కదిలితే చాలు, నాకు తెలియకుండానే దిగిపోయేవాణ్ణి.

అది సరే. నన్ను నిజంగా విసిగించింది వేరే ఉంది. గొళ్ళెమైనా, పారైనా, బకెట్టయినా ఆమె అన్నిట్లోకీ చిన్నది కొనేది.

"పెద్దది తీసుకో అవ్వా, నాలుగు కాలాలు మన్నుతుంది."

"పెద్దది ఎందుకప్పా శెట్టీ? ఈడ ఉండేది ఎన్నాళ్ళని? ఇంటికి పోయినాక తీసుకుంటాం."

మొదటిసారి విన్నప్పుడు ఏ కూతురింటికో వచ్చి ఉంటోందనుకున్నాను. మా నాన్నను అడిగితే నవ్వాడు. "నేను గల్లా ఎక్కిన నాటి నుంచి వాళ్ళు ఇంటికి పోతానే ఉండారు," అన్నాడు.

సంగతి ఇదీ. యుద్ధం నాడు తెల్లదొరల సైన్యానికి చోటు కావలసి వచ్చి ఆ ఎత్తు నేల మీది పల్లెలను ఖాళీ చేయించారు. తాలూకా ఆఫీసు మనిషి తప్పెట కొట్టుకుంటూ వీధి వీధీ తిరిగి దండోరా వేశాడు. యుద్ధం అయ్యే దాకా ఊరు విడిచిపెట్టండి, అయ్యాక మళ్ళీ దండోరా వేస్తాం, అప్పుడు రండి అన్నాడు. జనం నాగళ్ళు, రోళ్ళు, దేవుడి పటాలు బండ్లకెక్కించుకుని కుందారపల్లి పక్కన రోడ్డు వారకు దిగారు. యుద్ధం అయిపోయింది. దొరలు పోయారు. దేశం మనదైంది, సైన్యం మనదైంది, కంచె మాత్రం అక్కడే ఉంది. చాలా కాలం మన సిపాయిలూ అక్కడే పేల్చారు. తర్వాత అదీ ఆగిపోయింది. ఆవుల కాపరులు, నెమళ్ళు, జింకలు తప్ప లోపలికి పోయేవాళ్ళు లేరు. అర్జీలు పెట్టీ పెట్టీ అవ్వ మొగుడు కాలం చేశాడు. దండోరా మాత్రం రాలేదు. వీళ్ళు దాని కోసం చూడడమూ మానలేదు.

చూడడమంటే అరుగు మీద కూర్చుని చూడడం కాదు. బతుకంతా దానికి తగ్గట్టే కొలుచుకున్నారు. అవ్వ కొడుకు పక్కా ఇల్లు కడుతున్నాడని తలుపులు, చట్రాల కొలతలకు నేను ఒకసారి వాళ్ళ పల్లెకు పోయాను. మా వైపు గడప నిలపడం చిన్న పని కాదు. మంచి రోజు చూసి, కింద నవధాన్యాలు వేసి, పసుపు పూసి నిలుపుతారు. గడప నిలిపిన వాడు ఇది నా ఇల్లు అని నలుగురిలో చెప్పుకున్నట్టు. ఆ పల్లెలో ఒక్క ఇంటికీ గడప లేదు. చట్రానికి మూడు పక్కలే, కింద ఒట్టి మట్టి. వాన వస్తే వీధిలో నీళ్ళు నేరుగా పొయ్యి దాకా పోతాయి. కోడలు చీపురు పట్టుకుని తోస్తూ ఉంటుంది.

నేను టేపు కింద ఆనించానో లేదో అవ్వ కర్రతో దాన్ని పక్కకు నెట్టింది.

"ఆడ కొలిచే పని లేదు శెట్టీ. మూడు పక్కలే కొలుచుకో."

"అవ్వా, తలుపు కింద నుంచి పాము వస్తే?"

"వస్తే మళ్ళా పోతుంది. అది కూడా ఈడ ఉండేది కాదు కదప్పా."

ఆమె కొడుకు పక్కన ఇటుకల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "చూస్తివా శెట్టీ, పామును కూడా బాడుగకు పెట్టేసింది మా అమ్మ. పక్క చేనోళ్ళు మామిడి పెట్టి మేడలు కట్టినారు. మేము ఉలవచారు తాగతా ఉండాము."

అది మరో గొడవ. కృష్ణగిరి అంటేనే మామిడి. ఇక్కడ పుట్టినవాడికి కాసింత నేల దొరికితే ముందు మామిడి మొక్క తెచ్చి పాతుతాడు, తర్వాతే నేల ఎవరిదో కనుక్కుంటాడు. అవ్వ వాళ్ళు రోడ్డు పక్కన దిగిన చోటనే కష్టపడి చేలు కొనుక్కున్నారు, మంచి ఎర్రనేల. అందులో రాగులు, అనప, ఉలవలు. ఏ పంటైనా ఆ ఏడు విత్తి ఆ ఏడు కోసుకునేదే. చెట్టంటే కాపుకొచ్చే దాకా ఆగాలి, అన్నాళ్ళు తాము ఇక్కడ ఉంటారా? కొడుకు ఒకసారి దొంగతనంగా అంటు మొక్కలు తెచ్చి గట్టు మీద పెడితే, తెల్లారేసరికి వాటిని పీకి, వేళ్ళకు మట్టి ముద్ద చెడకుండా గోనెలో చుట్టి, నా దగ్గరికి పంపింది, ఎవరికైనా అమ్మిపెట్టమని. అమ్మిపెట్టాను. కొన్నవాడు ఇప్పటికీ నాకు పళ్ళు పంపుతాడు. ఆ పండు తిన్న ప్రతిసారీ ఆమెను తిట్టుకుంటాను.

పెళ్ళి పత్రిక ఇస్తే, "ఈడ ఉంటే వస్తానప్పా" అనేది. పండుగకు కొత్త చీర పెడితే పెట్టెలోకి పోదు, మూటలోకి పోతుంది. ఆ మూట ముడి ఎప్పుడూ బిగించే ఉంటుంది. ఇంత మొండితనాన్ని భక్తి అనుకునేవాళ్ళున్నారు. నేను వ్యాపారిని. నిల్వ సరుకు అమ్మకుండా, వాడకుండా, పారేయకుండా ఇన్నేళ్ళు పెట్టుకున్న మనిషిని చూస్తే నాకు భక్తి కలగదు, తలనొప్పి వస్తుంది.

సైన్యం ఆ నేల వదిలేస్తోందన్న కబురు వచ్చిన సంతకు ఆమె అంగడికి వచ్చి, ఆ రోజు కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"శెట్టీ, నీవు రావల్ల. మా పక్క మాట్లాడే దానికి."

"దానికి లాయరును పెట్టుకో అవ్వా."

"లాయరుకు సిగ్గుంటుంది. నీకు లేదు."

ఇంతకంటే గొప్ప కితాబు నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక ఆమె మనవడు నన్ను పక్కకు పిలిచాడు. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తెల్లవారకముందే బస్సెక్కి పోయి, చీకటి పడ్డాక దిగే మనిషి.

"మామా, ఆ బీడులో ఫ్యాక్టరీలు వస్తే నాకు ఇంటి పక్కనే పని. ఇంటికొక ప్లాటు కూడా ఇస్తామంటా ఉండారు. అవ్వకేమో ఆ రాళ్ళు కావల్ల. నీవైనా చెప్పు."

"నేను మీ అవ్వ పక్షం కదప్పా."

"నీవు ఏ పక్షమైనా పరవాలేదు. ప్లాటు పోగొట్టద్దు."

కుందారపల్లి బడిలో మీటింగు పెట్టారు. అధికారి చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చాడు. దారిలో అవ్వకు పాఠం చెప్పుకుంటూ పోయాను. ముందు అన్నీ అడుగుతాను. నేల, ఇళ్ళు, బావి, రోడ్డు, కరెంటు, బడి. వాళ్ళు తల పట్టుకుంటారు. అప్పుడు బడి వదులుతాను, కాసేపటికి రోడ్డు వదులుతాను. చివరికి నేల దగ్గర భీష్మించుకుని కూర్చుంటాను. నేను దగ్గే దాకా నోరు తెరవద్దు. ఆమె అన్నిటికీ బుద్ధిగా తలూపింది. ఆ తలూపడం చూసే నేను జాగ్రత్త పడి ఉండాల్సింది.

అధికారి పటాలు చూపించాడు. ఈ పక్క ఫ్యాక్టరీల పేట, ఆ పక్క అడవి శాఖ వారి గడ్డి మైదానం, అందులో ఏవో అరుదైన పిట్టలు. అంచెట్టి వైపు నుంచి వచ్చిన పశువుల కాపరులు మాకు మేత కావాలన్నారు. అందరూ అయ్యాక అతను ఒంగి, ప్రేమగా అడిగాడు.

"అవ్వా, మీకు ఏం కావాలి? భయపడకుండా చెప్పండి."

నేను దగ్గలేదు. ఇంకా గొంతు సవరించుకుంటూనే ఉన్నాను.

"యుద్ధం అయిపోయిందా నాయనా?" అంది.

బడంతా నవ్వింది. అతనూ నవ్వాడు. "ఎప్పుడో అయిపోయింది అవ్వా."

"అది నాకూ తెలుసు. మీరు చెప్పల్ల కదా. అయిపోయినాక దండోరా వేస్తామంటిరి, అప్పుడు రమ్మంటిరి. వేయలేదు. అది వేయండి, చాలు."

"అంతేనా?"

"అంతే. తప్పెట మాత్రం మంచిది తీసుకురాండి. మోగనిది తెచ్చి, కొట్టినామని చెప్పి పోవద్దు."

జీవితంలో నేను చూసిన అతి ఘోరమైన బేరం అది. పెద్ద ఇల్లు అడగాల్సిన చోట తప్పెట చప్పుడు అడిగింది. అధికారి ముఖం వెలిగిపోయింది. వచ్చే వారమే వేయిస్తానని నలుగురి ముందూ మాట ఇచ్చాడు. నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మాకు టీ, బిస్కెట్లు తెప్పించాడు. చౌకలో తేలిపోయిందన్న సంతోషం ఎలా ఉంటుందో నాకు తెలుసు, దాన్ని ఎదుటివాడి ముఖంలో చూడడం నాకు అలవాటు లేదు.

దారి పొడుగునా తిట్టాను. "మొత్తం ఊరిని చప్పుడుకు అమ్మేస్తివే అవ్వా! మనవడి ప్లాటు పోయె, నేల పోయె. నన్ను ఎందుకు తీసుకుపోయినట్టు?"

ఆమె చెంగులో కట్టుకున్న బిస్కెట్లు ఒక్కొక్కటీ తీసి నములుతోంది. "నీవు అడిగేటివన్నీ కాదనే వాళ్ళు. నేను అడిగింది ఇస్తామనిరి. నీ అంగడిలో ఇట్ల ఎన్నడైనా జరిగిందా? సుమ్నే రాప్పా."

సుమ్నే, అంటే ఊరికే, ఆమె వెనక నడిచాను.

ఆ వచ్చే వారం దండోరా రాలేదు. ఆపై వారమూ రాలేదు. నేనే ఆఫీసుకు పోయాను. ఆ అధికారి నన్ను చూసి లేచి తలుపు మూశాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. పైవాళ్ళను అడిగాడట, పైవాళ్ళు వాళ్ళ వకీళ్ళను అడిగారట. దండోరాలో ఏమని చెప్పాలి? యుద్ధం ముగిసింది, ఊరివాళ్ళు తిరిగి రావచ్చని చెప్పాలి. ప్రభుత్వపు తప్పెట వీధిలో ఆ మాట చెప్పిందంటే, ఈ నేల కొన్నాళ్ళకని తీసుకున్నదే, మాది కాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నాక అందులో ఫ్యాక్టరీ ఎలా పెడతారు, పార్కు ఎలా పెడతారు?

"దండోరా తప్ప ఇంకేదైనా అడగమనండి సార్," అన్నాడు. దాదాపు బతిమాలాడు.

నేను బయటికి వచ్చి, మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఎదుటివాడికి ఖర్చు లేనిదీ, ఎదుటివాడు ఇవ్వలేనిదీ ఒకటే వస్తువు అయ్యే బేరం నేను ఇంతవరకు చూడలేదు. ఆమెకు అది తెలిసే అడిగిందా? ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే చెంగు విసిరేది. తెలిసి అడిగిందనుకుంటే ఆమె కాళ్ళకు మొక్కబుద్ధేస్తుంది. తెలియక అడిగిందనుకుంటే ఆ అదృష్టాన్ని చూసి ఏడుపొస్తుంది. రెండింట్లో ఏదైనా నా చదువంతా వేస్ట్.

అప్పటి నుంచి మేం అడగకుండానే ఒక్కొక్కటీ రావడం మొదలైంది. ఇంటికొక ప్లాటు అన్నారు. ప్లాటుతో పాటు ఇంటికొక ఉద్యోగం అన్నారు. ఊరి పేరు చెక్కిన ఆర్చి కట్టిస్తామన్నారు, రోడ్డుకు ఊరి పేరు పెడతామన్నారు. ప్రతి కబురూ నేనే మోసుకుపోయేవాణ్ణి. అవ్వ చెంగుతో తోలేది. మనవడు ఇంటి వెనక్కు పోయి గోడను గుద్దేవాడు. నేను ఆర్చి అయినా తీసుకుందామన్నాను. వచ్చే దాన్ని తిప్పి పంపితే నాకు ఒంటికి పడదు.

"ఆర్చి కింద ఎవరు పోతారప్పా? ఊర్లో మేము లేకపోతిమే."

చివరికి, నేలను కళ్ళతో చూస్తే మనసు మెత్తబడుతుందని ఎవరికి తోచిందో, పాత పల్లెల వాళ్ళను వ్యాన్లలో ఎక్కించి లోపలికి తీసుకుపోయారు. ఎవరి కాలూ పడని నేల అలా ఉంటుందని నేను అనుకోలేదు. నడుం లోతు గడ్డి, మధ్యలో గుంతలు, గుంతల్లో నీళ్ళు. గడ్డిలో నుంచి పిట్టలు నిట్టనిలువునా లేచిపోతున్నాయి. అవ్వ వ్యాను దిగి, ఎవరినీ అడగకుండా, మూట చంకన పెట్టుకుని నేరుగా ఒక దిబ్బ దగ్గరికి నడిచింది. దాని మీద ఎక్కి కూర్చుంది.

"ఇదే మా ఇల్లు."

అధికారులు ఫోటోలు తీశారు. మనవడి కళ్ళలో నీళ్ళు. నేనూ జేబురుమాలు కోసం వెతుకుతున్న సమయానికి, ఇంకో పల్లె తాలూకు తాత ఒకాయన కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఏయ్ ముసిల్దానా, దిగు! అది మా ఊరి దిబ్బ. మీ ఊరు ఆ వంక అవతల."

"నీ కండ్లు పోయినాయి. మా అమ్మ చెప్పింది, పెద్ద గుండురాయి పక్కన అని. ఇదో గుండు."

"ఈ కొండల్లో గుండు లేని చోటు యాడుంది? నేను కాళ్ళతో నడిచి పోయినోణ్ణి, నీవు చంకలో పోయినదానివి. దిగు!"

ఆమె దిగలేదు. ఆయన ఊరుకోలేదు. పుట్టు వెంట్రుకలు తీయకముందే తల్లి చంకన బయటికి వచ్చిన మనిషి, ఊహ తెలిశాక ఆ ఊరు ఎన్నడూ చూడలేదు, గుర్తుండే అవకాశమే లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. అధికారులకూ తట్టింది. పైనుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, అందరికీ వినపడేలాగే అన్నాడు, తమ ఊరు ఏదో వాళ్ళకే తెలియనప్పుడు ఎవరిది ఎవరికి ఇవ్వాలని. ఇన్నేళ్ళ పట్టు ఒక దిబ్బ మీద తేలిపోయేట్టుంది.

వ్యానులో ఆమె పక్కన కూర్చుని నా కోపమంతా కక్కాను. "నీకు గుర్తే లేదు కదా అవ్వా. చూడని ఊరి కోసం మామిడి పెట్టకపోతివి, కొడుకును ఏడిపిస్తివి, మనవణ్ణి ఏడిపిస్తా ఉన్నావు. ఎందుకే?"

ఆమె నా వైపు తిరగలేదు.

"మీ తాత అంగడి కొన్న దినం నీకు గుర్తుందా శెట్టీ?"

"నేను అప్పటికి పుట్టనే లేదు."

"అయితే రేపు నేను వచ్చి ఆ గల్లాలో కూర్చుంటా. లేచి పో."

నేను కిటికీ పక్కకు జరిగాను. ఆమె నాకు మిగిల్చిన చోటు అంతే.

మర్నాడు ఆమె ఒక తట్ట నిండా అనపకాయలు తీసుకుని ఆ తాత ఇంటికి పోయింది. నన్నూ లాక్కుపోయింది. ఆయన అరుగు మీద కూర్చుని ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. దిబ్బ నీది కాదంటే నీది కాదని. మనిషికొక తిట్టు. నేను లేచిపోబోతుంటే ఆమె కాయలు ఒలుస్తూనే అంది.

"ఇది మన కొట్లాట అన్నా. వాళ్ళ ముందర ఎందుకు? ముందు తప్పెట కొట్టనీ. ఇంటికి పోయినాక ఆడనే కూర్చోని కొట్లాడుకుంటాం."

తాత గింజలు నోట్లో వేసుకుని ఆలోచించాడు. "ఓడిపోతావు," అన్నాడు.

"చూస్తాంలే."

ఆ వారమే ఆ పల్లె వాళ్ళు కూడా దండోరా అడిగారు. తర్వాత మిగిలిన పల్లెల వాళ్ళు. ఎవరికీ ప్లాటు వద్దట, ఎవరికీ ఆర్చి వద్దట, అందరికీ తప్పెటే. ఫ్యాక్టరీల పటం చుట్టి పక్కన పెట్టారు. ఆ చిన్న అధికారి నాకు కనపడినప్పుడల్లా నేనే ఇదంతా నేర్పించానన్నట్టు చూసేవాడు. ఆ గొప్ప నాకే దక్కనీ అని నేనూ ఊరుకునేవాణ్ణి.

అలా పట్టు మా చేతికి వచ్చిన సమయంలో, ఇంకో తోపు తోస్తే పని అయ్యే సమయంలో, అవ్వ మధ్యాహ్నం రాగిముద్ద తిని, చెయ్యి కడుక్కుని, కాసేపు ఒరుగుతానని ఒరిగి మళ్ళీ లేవలేదు.

మా వైపు తప్పెట లేకుండా శవం వీధి దాటదు. ఎంత పేదవాడైనా ఆ చప్పుడు మధ్యనే పోతాడు. ఇంట్లో వాళ్ళు ఏడుపులో ఉన్నారని ఆ ఏర్పాటు నేను తీసుకున్నాను. శూలగిరి నుంచి మంచి వాళ్ళను కుదిర్చాను. ఆ రోజు బేరం కూడా ఆడలేదు. వాళ్ళు వచ్చి వీధిలో మంట వేసి తప్పెటలు కాచుకుంటుంటే మనవడు బయటికి వచ్చాడు.

"కొట్టద్దన్నా," అన్నాడు వాళ్ళతో.

నేను అతన్ని పక్కకు లాగాను. "ఏమప్పా ఇది? నలుగురూ ఏమనుకుంటారు? మీ అవ్వ ఏం పాపం చేసింది?"

"అనుకోనీ మామా." అంతే అన్నాడు. పాడె ఎత్తారు.

చప్పుడు లేని శవయాత్ర నేను అదే మొదటిసారి చూడడం. అడుగుల శబ్దం వినపడుతుంది, ఎవరో ముక్కు చీదడం వినపడుతుంది. హైవే మీద లారీలు వినపడతాయి. ఆ దిబ్బ తగాదా తాత కర్ర పొడుచుకుంటూ ముందు నడుస్తున్నాడు. మలుపు దగ్గర జీపు ఆపుకుని ఆ చిన్న అధికారి నిలబడి ఉన్నాడు, చేతిలో పూలదండ. మంచివాడే, నిజంగానే బాధపడ్డాడు. దండ వేసి, చెప్పులు విడిచి, మనవడి పక్కన నడవసాగాడు. మొదటి నుంచీ ప్లాటు కావాలన్నది ఈ కుర్రాడేనని అతనికి తెలుసు. ముసలామె పోయింది కాబట్టి ఇక పని సులువని అతనూ అనుకునే ఉంటాడు. నేనైతే అనుకున్నాను. మనవడు తల వంచి సరేనంటే ఎంతకు ఒప్పించాలా అని లెక్క కూడా వేసుకుంటున్నాను.

కొంత దూరం నడిచాక అతను మెల్లగా అడిగాడు. "తప్పెట పెట్టలేదేమి తమ్ముడూ?"

మనవడు పాడె కొయ్యను భుజం మార్చుకున్నాడు. అతని వైపు చూడలేదు.

"అది మీరు కొట్టల్ల సార్. మీరు కొట్టినాక మేము కొడతాం."

అధికారి వెనక్కు పోలేదు, ఉత్త కాళ్ళతో ఆ తారు రోడ్డు మీద మాతోనే నడిచాడు. వెనక నేను కుదిర్చిన వాళ్ళు, కాచి సిద్ధం చేసుకున్న తప్పెటలను చంకల్లో పెట్టుకుని, ఎవరూ పొమ్మనలేదు కాబట్టి, మా వెంటే వస్తున్నారు.